చెరో చెవి

పోయిన వారం మనం గ్లోరీని ఇంటి వాకిట్లో, ఫోను చేతిలో పట్టుకుని, మాటను మధ్యలోనే తెంపేసి నిలబడి ఉండగా వదిలి వచ్చాం. అవతలి నుంచి మాట్లాడినవాడు డానియల్. ఆలేరు రైల్వే స్టేషనులో పాయింట్స్‌మన్. గ్లోరీకి వచ్చిన సంబంధం. అతను మర్యాదగానే మాట్లాడాడు. బాగున్నారా అన్నాడు, మగ్గం పని కళ్లకు బరువు కాదా అన్నాడు, ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, "ఇంకొక్కటి అడగొచ్చా?" అన్నాడు. ఆ ఒక్కటీ ఏమిటో వినకముందే గ్లోరీ బొటనవేలు ఎర్ర గుర్తు మీద పడింది. ఎందుకు పడిందో వేలికీ తెలియదు, ఆమెకూ తెలియదు.

మార్కెట్ యార్డులో హమాలీ పని చేసే తండ్రి కృష్ణయ్య మాత్రం కూతురిని కసురుకోలేదు. భుజం మీది తువ్వాల దులుపుకుంటూ ఒక్క మాట అన్నాడు. "శనివారం పొద్దుగూకేసరికి నాకు మాట చెప్పు బిడ్డా. ఔనంటె ఆదివారం ఆరాధన కాంగనే వస్తరు. కాదంటె కాదనే చెప్త. మనుషులను మధ్యల ఉంచుడు మంచిది కాదు."

మధ్యలో ఉండటం తప్ప మరొకటి చేతకాని గ్లోరీ, ఆ మాట విన్న నాటి నుంచి సరిగా నిద్రపోలేదు.

ఆ శనివారం ఇదే.

రామన్నపేట బస్టాండు వెనుక సందులో మల్లీశ్వరి మగ్గం వర్క్ దుకాణం ఉంది. మగ్గమంటే ఇక్కడ నేసేది కాదు. నాలుగు కట్టెల చట్రం. దాని మీద డప్పు తోలులా బిగించి కట్టిన పట్టుగుడ్డ. ఆ గుడ్డ మీద పూసలూ చమ్కీలూ జర్దోసి తీగలూ కుట్టి, పెళ్లికూతుళ్ల జాకెట్లకు నెమళ్లనూ మామిడి పిందెలనూ మొలిపించే పని. సూది పైనుంచి దిగుతుంది. దారం కింది చేతిలో ఉంటుంది. కింది చెయ్యి పై చేతికి కనబడదు. అయినా రెండూ ఒకదాన్నొకటి వెతుక్కుని, ముడిపడి, పైకి వస్తాయి.

ఆ దుకాణానికి ఒక కట్టడి ఉంది. ఎత్తుకున్న జాకెట్టు చట్రం దిగేదాకా కూర్చున్నవాళ్లు జాగా మారకూడదు. ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కో తీరు. జాగా మారితే నెమలి ఒక పక్క నవ్వుతుంది, ఒక పక్క ఏడుస్తుందని మల్లీశ్వరి అంటుంది. ఒక జాకెట్టు దిగకముందే మరొకటి ఎక్కే దుకాణంలో కట్టడి అలవాటైంది, అలవాటు అదృష్టమైంది. గ్లోరీ ఎప్పుడూ ఎడమ వైపు. నవనీత ఎప్పుడూ కుడి వైపు. వాళ్ల మధ్య నవనీత ఫోను, దాని నుంచి రెండుగా చీలిన ఒక్క ఇయర్‌ఫోన్ తీగ. దగ్గరగా ఉన్న చెవులు రెండు: గ్లోరీ కుడి చెవి, నవనీత ఎడమ చెవి. చెరో చెవికి చెరో మొగ్గ.

వానాకాలం మొదట్లో నవనీత పూసలు తేవడానికి సికింద్రాబాదు పోయింది. ఆ రైల్లో పక్కన కూర్చున్న ఒకామె తన ఎడమ మొగ్గను ఆమెకు ఇచ్చి ఒక పాడ్‌కాస్ట్ వినిపించి, లింకు పంపింది. దాని పేరు 'పక్క సీటు'. మర్నాడు నవనీత కుడి వైపు మొగ్గను అందిస్తూ, "ఇది విను గ్లోరీ, నీకు నచ్చుతది" అంది.

నీకు నచ్చుతది.

ఎంత చిన్న మాట! అయినా ఆ మాట గ్లోరీ లోపల దిగి, మళ్లీ పైకి రాలేదు. ఎందుకంటే ఆ కుడి మొగ్గలో మాట్లాడినామె ఒక టీచరమ్మ. తాను ఆడదాన్ని ప్రేమించిన ఆడదాన్నని, తనలాంటివాళ్లను ఎల్‌జీబీటీ అంటారని, ఆ అక్షరాలు తెలియకముందే ఆ బతుకు బతికానని ఆమె నిదానంగా, చల్లగా, తాలు చెరుగుతున్నట్టు చెప్పింది. ఒక్కో మాటా చెప్పాక చాలాసేపు ఊరుకునేది. ఆ మౌనాలలో గ్లోరీ తానే ప్రశ్నలు వేసుకునేది. మరి భయం కాలేదా? మరి ఆమెకు చెప్పావా? మరి దేవుడు? కాసేపటికి టీచరమ్మ జవాబు చెప్పేది, తన ప్రశ్నకే అన్నట్టు, ఒకోసారి సరిగ్గా అమిరేటట్టు, ఒకోసారి ఎక్కడికో పోయేటట్టు.

ప్రతి భాగం చివరా టీచరమ్మ కొన్ని పేర్లు చెప్పేది. "'వంటింటి వెనక' వినండి, అందులో ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు ఆడవాళ్లు కూరలు తరుగుతూ మాట్లాడుకుంటారు. 'పిలుచుకున్న పేరు' వినండి, అందులో తన పేరు తానే పెట్టుకున్న ఒక ట్రాన్స్ మహిళ తన తల్లితో మాట్లాడుతుంది. 'అన్నా నేనూ' వినండి, అది మగపిల్లల కథ, కానీ నవ్వొస్తుంది." అడగకుండానే ఎందుకు చెబుతుందో గ్లోరీకి అర్థమయ్యేది కాదు. అయినా సండే స్కూల్లో వాక్యాలు పట్టినట్టు ఆ పేర్లన్నీ కంఠతా పట్టింది. ఇంట్లో విందామంటే ఉన్నది ఒక్కటే గది, పక్కనే బాపు. కాబట్టి ఆమె వినికిడంతా ఈ చట్రం దగ్గరే, ఈ ఒక్క చెవితోనే.

అయితే అసలు చిక్కు టీచరమ్మ కాదు, నవనీత. నీకు నచ్చుతుందని ఎందుకంది? నాలో ఏం చూసింది? చూసి జాలిపడిందా? లేక తన సంగతి చెప్పలేక నా చెవిలో పెట్టిందా? ఏదీ కాక, రైలులో దొరికినదాన్ని ఊరికే పంచుకుందా? మూడింటినీ గ్లోరీ మార్చి మార్చి నమ్మింది. నిన్న డానియల్ సంగతి చెప్పినప్పుడు, నవనీత సూది మీంచి తలెత్తకుండా, "మంచోడైతె చేస్కోరాదు" అంది. అంతటితో ఆ మూడింటిలో ఏది నమ్మాలో తెలియకుండా పోయింది.

ఇవాళ పొద్దుటి నుంచి వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. తీగ కూడా మూటలోనే ఉంది.

"ఏందే, అత్తాకోడండ్ల లెక్క మొఖాలు చెరోదిక్కు పెట్టిన్రు?" అంది మల్లీశ్వరి, చెప్పులు తొడుక్కుంటూ. "నేను ఇంటికి పోయి ఇంత తినొస్త. నేనొచ్చేసరికి నెమలికి తోక రావాలె. మీ అలకలకు పెండ్లిపిల్ల ఆగది."

"అలకేం లేదక్కా" అంది నవనీత.

"లేకుంటె మరి పాటలేవి? ఇద్దరు ఒక్క తీగకు కట్టేసిన మేకల లెక్క ఉంటిరి కద రోజు!"

ఆమె నవ్వుకుంటూ వెళ్లిపోయింది. సందులో ఎండ తెల్లగా నిలబడింది. గ్లోరీ సూది దింపింది, తీసింది, దింపింది. పూస నిలవలేదు.

"నవనీతా, ఒకటడుగుత. నిజం చెప్పాలె."

"అడుగు."

"ఆమె మాటలన్ని నాకు వినిపిస్తివి. వినిపించి, మళ్ల నువ్వే చేస్కోమంటివి. ఏంది నీ కథ?"

"ఎవలామె?"

"టీచరమ్మ."

"ఏ టీచరమ్మ?"

"ఇగో, పరాష్కాలొద్దు. నాకు పాణం బాగలేదు."

"పరాష్కం కాదే. ఏ టీచరమ్మ అంటున్న."

"'పక్క సీటు'ల మాట్లాడే టీచరమ్మ!"

నవనీత చేతిలోని సూది ఆగిపోయింది. గ్లోరీ ముఖం కేసి చూసింది, జ్వరం వచ్చినవాళ్లను చూసినట్టు. "అండ్ల టీచరమ్మ యాడున్నది? మొగాయన కద మాట్లాడేది."

"మొగాయననా?"

"ఆఁ. అడిగేటాయన. ఉత్త అడుగుడే. అడుగుతడు, ఊకుంటడు, మళ్ల అడుగుతడు. వినేటోళ్లు లోపట్నే జవాబు చెప్పుకోవాలెనని ఊకుంటడేమో అనుకున్న."

"నవనీతా, నా పెండ్లి ముచ్చట నీకు నవ్వులాటగున్నదా?"

"ఏసుప్రభువు తోడు అందామంటె నాకాయన తెల్వది. మా యాదగిరి నర్సన్న తోడు. నేను ఒక్కనాడు గూడ ఆడగొంతు వినలె."

గ్లోరీకి కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఎక్కడ నిలబడాలో తెలియక వెంటనే పోయింది. నవనీత అబద్ధమాడేటప్పుడు ముక్కు మీద వేలు రాసుకుంటుంది. ఇప్పుడు ఆమె రెండు చేతులూ గుడ్డ మీదే ఉన్నాయి. అయితే ఇన్ని నెలలూ తాను విన్నది ఎవరిని? ఒక్క తీగలోంచి ఇద్దరికీ రెండు గొంతులు ఎలా వస్తాయి? ఆ టీచరమ్మ అసలు ఉందా, లేక ఆ మౌనాలలో ప్రశ్నలు పుట్టించుకున్నట్టే ఆమెను కూడా తానే పుట్టించుకుందా?

"సరే, పోయినసారి ఆఖర్ల ఏమన్నడో చెప్పు, చూస్త" అంది.

నవనీత కళ్లు మూసుకుంది. "'మీకు గీ ధైర్యం ఎవలిచ్చిన్రు?' అన్నడు. ఊకున్నడు. 'గీ వారం ఏమేం వినమంటరు?' అన్నడు. మళ్ల ఊకున్నడు."

"ఆఁ… నాకేమో అప్పుడు, 'మా పక్కింటి నర్సింగమ్మ' అని వినొచ్చె. ఎందుకన్నదో సమజ్ కాలె. నర్సింగమ్మ ఏంది, నడ్మ అనుకున్న. ఎన్కనే 'వంటింటి వెనక' వినుండ్రి అన్నది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పైనుంచి దిగిన సూది కింది దారాన్ని పట్టుకున్నట్టు, ప్రశ్న జవాబును పట్టుకుంది.

"ఓ అవ్వా!" అంది నవనీత. "మా తమ్ముడు సతీశ్ గాడు డీజే కొడ్తడు గదా, వాడు చెప్తుండె. డప్పు ఒకదిక్కు స్పీకర్ డబ్బల పెడ్తం, గొంతు ఒకదిక్కు డబ్బల పెడ్తం అని. గిండ్ల సుత అడిగేటాయన్ను ఒకదిక్కు, చెప్పేటామెను ఒకదిక్కు పెట్టిన్రు. పాటలైతె రెండు దిక్కుల వస్తయి, మనకు తెల్వలె."

"జాగా మారి కూసుంటె ఎప్పుడో తెలుస్తుండె."

"అక్క మారనిస్తె కద!" నవనీత నవ్వబోయింది, నవ్వు పూర్తికాలేదు. మూటలోంచి తీగ తీసింది. "జాగా మారకు. తీగ మార్చుదాం."

ఆమె తన ఎడమ మొగ్గను గ్లోరీకి ఇచ్చి, గ్లోరీది తాను పుచ్చుకుంది. తీగలు రెండూ ఇద్దరి మధ్యా ఒకదాని మీద ఒకటి పడి మెలికపడ్డాయి. నవనీత చూపుడువేలు ఫోనును తాకింది.

గ్లోరీ చెవిలో ముందు రైలు వినిపించింది. దూరంగా, పట్టాల మీద బరువుగా పోతున్న గూడ్సు. తర్వాత ఒక మగ గొంతు, దగ్గరగా, మెత్తగా.

"మీరు ఆమె పక్కన కూసున్నప్పుడు మీ చేతులేం చేస్తుండె?"

మౌనం. ఆ మౌనం ఈసారి నవనీతకు మౌనం కాదు. గ్లోరీ పక్కకు తిరిగి చూసింది. నవనీత పెదవులు విడివడి ఉన్నాయి. వింటోంది. ఇన్నాళ్లూ తాను విన్న గొంతును ఆమె ముఖం మీద గ్లోరీ చూసింది. ఆ జవాబు గ్లోరీకి తెలుసు, ఎప్పుడో విన్నదే: 'పని చేస్తున్నట్టు చేస్తుండేవి.'

నవనీత తన చేతులను చూసుకుంది. గుడ్డ మీద అవి కూడా పని చేస్తున్నట్టే ఉన్నాయి.

"ఆపు" అంది గ్లోరీ.

నవనీత ఆపింది.

"నాకు నచ్చుతదని ఎందుకన్నవు? నువ్వు టీచరమ్మను విననే వినకపోతివి. ఆమె ఏం చెప్తుందో నీకు తెల్వకపాయె."

నవనీత ఒక పూసను తీసి, అరచేతిలో దొర్లించి, మళ్లీ డబ్బాలో వేసింది. "ప్రతిసారి ఆయనొకటి అడుగుతడు. 'ఈ మాటలు వినాల్సినోళ్లు మీ పక్కనే ఒకలుంటరు, ఎవలు?' అని. అడిగి ఊకుంటడు. రైల్ల మొదటిసారి విన్నప్పుడు నీ మొఖం యాదికొచ్చింది. అందుకే అన్న. అటెన్క గూడ ప్రతిసారి గదే మొఖం. ఎందుకొస్తదంటె నాకేం తెల్సు?"

"మరి నిన్న చేస్కోమంటివి."

"వద్దంటె ఎందుకని అడుగుతవు కద గ్లోరీ. అప్పుడు నేనేం చెప్పాలె?"

సందులో ఎవరో ఉప్పు అమ్ముకుంటూ పోయారు. ఆ కేక దగ్గరైంది, ఎదురైంది, దూరమైంది. గ్లోరీకి సంతోషం కలగలేదు, దుఃఖమూ కలగలేదు. ఆ రెండూ ఒకే వాకిట్లోంచి ఒకేసారి లోపలికి రాబోయి, ఇరుక్కుపోయినట్టు ఉంది. నవనీత చెప్పింది తాను కోరుకున్నదేనా? కోరుకున్నదే అయితే ఇంత భయమెందుకు? సాయంత్రం బాపుకు ఏం చెప్పాలి? కాదంటే, ఎందుకని ఆయన అడగడు. అడగని మనిషికి అబద్ధం చెప్పడం మరీ కష్టం. ఔనంటే, రేపు ఆరాధన అయ్యాక ఆ మర్యాదస్తుడు వచ్చి కుర్చీలో కూర్చుంటాడు, తాను టీ ఇస్తుంది. ఆ టీలో ఎవరి బతుకు చల్లారిపోతుంది? తనదా, అతనిదా, ఈ పక్కన కూర్చున్నామెదా?

"మొత్తం ఒక్కసారి విందాం" అంది నవనీత, గొంతు సవరించుకుని. "సగం సగం విని సగం సగమే బతుకుతున్నం."

ఆమె తీగ పీకేసింది. దుకాణం తలుపు దగ్గరగా వేసి వచ్చి, ఫోనును పట్టుగుడ్డ మీద, తోకలేని నెమలి పక్కన పెట్టింది. ఇప్పుడు రెండు గొంతులూ ఒక్క చోటినుంచే వచ్చాయి. అతను అడిగాడు. ఆమె చెప్పింది. అడగడానికీ చెప్పడానికీ నడుమ మౌనమే లేదు. ఇన్ని నెలలుగా గ్లోరీ కాపురమున్న ఆ నిశ్శబ్దపు గదులన్నిటిలోనూ ఎవరో ముందునుంచే ఉన్నారని ఇప్పుడు తెలిసింది. తన ప్రశ్నలకంటే అతని ప్రశ్నలు మెత్తగా ఉన్నాయి. అతను ఎక్కడా తొందరపెట్టలేదు. టీచరమ్మ ఏడ్చినప్పుడు అతను గ్లాసులో నీళ్లు పోసిన చప్పుడు కూడా వినబడింది.

కానీ ఆ గొంతు. ఎక్కడో విన్న గొంతు.

చర్చిలోనా? కాదు. టీవీలోనా? కాదు. బస్సులోనా? గ్లోరీ ఆ గొంతును ఒక్కో గుమ్మం దగ్గరికీ తీసుకుపోయింది; ఏ గుమ్మమూ తనదనలేదు.

"…అయితే ఆమెకు మీరు చెప్పనే లేదు" అన్నాడతను ఫోనులో.

"చెప్పలేదు" అంది టీచరమ్మ. "పక్కన కూర్చుంటే చాలనుకున్నాను. చాలదని ఆమె పెళ్లయ్యాక తెలిసింది."

నవనీత తల వంచుకుంది. ఫోనులో అతను ఒక్క క్షణం ఆగాడు. వెనుక ఎక్కడో రైలు కూత వేసింది. తర్వాత అతను, ఇంటి తలుపు తట్టేవాడి జంకుతో అడిగాడు.

"ఇంకొక్కటి అడగొచ్చా?"

గ్లోరీ చప్పున లేవబోయింది. పూసల డబ్బా బోర్లాపడి, ముత్యాలన్నీ పట్టుగుడ్డ మీద దొర్లి నెమలి మెడ చుట్టూ చేరాయి.

"ఏమైందే?" అంది నవనీత.

"ఆయనే."

"ఎవలాయన?"

"ఆలేరు… డానియల్."

నవనీత ఫోను కేసి చూసింది, గ్లోరీ కేసి చూసింది, మళ్లీ ఫోను కేసి చూసింది. "నేను నాలుగు నెల్లసంది వింటున్న గొంతు నిన్ను చేస్కోబోయేటాయనదా?"

గ్లోరీ తల ఊపింది. నవనీతకు ఆ గొంతు తెలుసు, ఆ మనిషి తెలియదు. తనకు ఆ మనిషి తెలుసు, ఆ గొంతు ఇక్కడ వినబడనే లేదు. ఇద్దరూ చెరో సగం పట్టుకుని ఇంతకాలం పక్కపక్కనే కూర్చున్నారు. మరి ఇతను? ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లతో ఇంత మెత్తగా మాట్లాడేవాడు, ఏమీ తెలియనట్టు ఒక ఆడపిల్లను చూడటానికి ఎందుకు వస్తున్నాడు? తన సంగతి తెలిసి వస్తున్నాడా? లేక అతనికీ ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఒకటుందా? ఆ రోజు ఆ ఒక్క ప్రశ్నా వినివుంటే ఏం అడిగేవాడు?

తన ఫోను తీసింది. తీగను దానికి గుచ్చింది. కుడి మొగ్గ తన చెవిలో పెట్టుకుని, ఎడమది నవనీతకు అందించింది.

"నాకెందుకే?" అంది నవనీత, వెనక్కు జరుగుతూ. "మీ ఇద్దరి ముచ్చట అది."

"పెట్టుకో. సగం సగం ఇగ నాతోటి కాదు."

నవనీత పెట్టుకుంది. అవతల మోగింది. మోగి మోగి, ఆగిపోతుందనుకున్నప్పుడు ఆగింది.

"హలో… గ్లోరీ గారూ?"

ఈసారి ఇద్దరికీ ఒకే గొంతు వినబడింది.

"ఆ దినం ఫోన్ పెట్టేసిన. తప్పైంది. ఇప్పుడు… నేనొక్కటి అడగొచ్చా?"

"అడుగుండ్రి."

"'పక్క సీటు'ల అడిగేది మీరేనా?"

అవతల మాట లేదు. స్టేషనులో ఏదో బండి కదిలి, చక్రాల చప్పుడు ఒక్కొక్కటిగా దాటిపోయింది. గ్లోరీకి అలవాటైన మౌనం అది. అయితే ఇన్నాళ్లూ తానే నింపుకున్న ఆ మౌనాన్ని ఈసారి నింపలేదు. ఎదురుచూసింది.

"గ్లోరీ గారూ" అన్నాడు డానియల్ చివరికి, చాలా మెల్లగా. "మీ పక్కన ఎవలన్న ఉన్నరా?"

నవనీత చెయ్యి చప్పున చెవి దగ్గరికి పోయింది, మొగ్గను తీసేయడానికి. గ్లోరీ ఆ మణికట్టును పట్టుకుంది. వదల్లేదు. తలుపు సందులోంచి ఎండ ఒక్క గీతగా వచ్చి ఇద్దరి చేతుల మీదా పడింది.

"ఉన్నది" అంది.

"మంచిది" అన్నాడు డానియల్. "అడిగేది నేనే. ఆమెను సుత విననియ్యుండ్రి. రేపు నేను మీ ఇంటికి ఎందుకొస్తనన్ననో మీ ఇద్దరికి చెప్పాలె."